వ్యాయామానికి తాయిలం ఎందుకు బెడిసికొడుతుంది? సమస్యలు, సరిచేసుకునే దారులు

శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్లు మొదటి నెలలో నన్ను అడిగేది మోకాళ్ల గురించో బూట్ల గురించో. రెండో నెలకు ప్రశ్న మారుతుంది. "మాస్టారూ, ఇంత కష్టపడుతున్నాను కదా, నాకు నేను ఏదైనా ఇచ్చుకోకూడదా?" అని అడుగుతారు. తప్పకుండా ఇచ్చుకోవాలి. ఏళ్ల తరబడి బడిపిల్లలకు వ్యాయామం నేర్పినవాడిగా చెబుతున్నాను, మెచ్చుకోలు లేని శ్రమ ఎక్కువ కాలం నిలవదు. అయితే ఆ తాయిలం ఏది, ఎప్పుడు, దేనికి అన్నచోటే చాలామంది చిక్కుకుంటున్నారు. మీ చిక్కు కింది వాటిలో ఏదో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

సమస్య: వారమంతా నడిచినా ఆదివారం దాటేసరికి మళ్లీ మొదటికే వస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. మా బృందంలో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. వారంలో ఐదు రోజులు గంటసేపు చెమట కారేలా నడిచేవారు. శనివారం నడక ముగియగానే నేరుగా టిఫిన్ బండి దగ్గరికి వెళ్లేవారు. కాగితం పొట్లంలో నాలుగు మైసూరు బజ్జీలు, వాటి మీద అల్లం చట్నీ. తినేసరికి పొట్లం అడుగున నూనె మరక అరచేయంత పరుచుకుని, అవతలి వేలు కనిపించేంత పలచబడేది కాగితం. "ఇది నా వారం జీతం" అనేవారు సంతోషంగా. మూడు నెలలైనా నడుము కొలత మాత్రం తగ్గలేదు.

కారణాలు రెండు. మొదటిది లెక్క. 70 కిలోల మనిషి గంటసేపు చురుకుగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 నుంచి 300 కేలరీలు. ఒక టీస్పూను నూనెలోనే 40 కేలరీలు ఉంటాయి. బజ్జీ పిండి ఎన్ని టీస్పూన్ల నూనె పీలుస్తుందో ఆ కాగితమే చెబుతుంది. ఒక గులాబ్ జామ్ 150 కేలరీల దరిదాపుల్లో ఉంటుంది. బజ్జీలు మానేసి "ఆరోగ్యానికి మంచిదే కదా" అని పలాస జీడిపప్పు వేయించుకుని పళ్లెంలో పోసుకునేవారు కూడా ఉన్నారు. జీడిపప్పు మంచిదే. కానీ 100 గ్రాములకు 550 కేలరీలు, అంటే రెండు గంటల నడక. టీవీ చూస్తూ తింటే 100 గ్రాములు ఎప్పుడు అయిపోయాయో కూడా తెలియదు.

రెండో కారణం మనసుది. "నేను ముందుకు వెళ్లాను" అన్న భావన కలగగానే మనసు పట్టు సడలిస్తుంది. 2005లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ఇదే చూపింది. బరువు తగ్గాలనుకుంటున్నవారిలో కొందరికి, లక్ష్యానికి బాగానే దగ్గరపడ్డారన్న భావన కలిగించారు. మిగిలినవారికి ఇంకా చాలా దూరం ఉందన్న భావన కలిగించారు. తరువాత యాపిల్, చాక్లెట్ చూపి ఏదో ఒకటి తీసుకోమన్నారు. దగ్గరపడ్డామనుకున్నవారిలో 85 శాతం మంది చాక్లెట్ తీసుకున్నారు. రెండో గుంపులో తీసుకున్నది 58 శాతం. కాబట్టి శనివారం బండి దగ్గర ఆగడాన్ని బలహీనతగా చూడకండి. బాగా చేశామన్న తృప్తే మనల్ని అటు లాగుతుంది.

సరిచేయడం: శ్రమకూ తిండికీ మధ్య ఉన్న ముడి విప్పేయండి. తిండి మానమని కాదు నేను చెప్పేది. సంక్రాంతికి అరిసెలు తినండి, పండగ కాబట్టి తినండి. ఆదివారం ఇంట్లో కోడికూర వండితే, ఇంట్లో అందరూ కూర్చుని తింటున్నారు కాబట్టి తినండి. "నడిచాను కాబట్టి తింటున్నాను" అన్న మాట ఒక్కటి తీసేయండి. ఆ మాట ఉన్నంతకాలం నడక ఎక్కువైనకొద్దీ ముద్దలూ ఎక్కువవుతాయి. మా బ్యాంకు ఉద్యోగి బజ్జీలు పూర్తిగా మానలేదు, శనివారం నుంచి మాత్రం తప్పించారు. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు వాళ్లతో కలిసి తింటున్నారు. ఆయన కొత్త తాయిలం ఏమిటో చివర చెబుతాను.

సమస్య: బరువు కాటా కదలడం లేదు, అందుకని బహుమతీ రావడం లేదు

"రెండు కిలోలు తగ్గాకే కొనుక్కుంటాను" అని పందెం కట్టుకున్నవాళ్లది ఈ బాధ. నాలుగు వారాలు నిజాయతీగా నడుస్తారు, కాటా మీద ఎక్కితే అదే అంకె. ఐదో వారం మైదానంలో కనిపించరు. వాళ్లను తలచుకుంటే నాకు నిజంగా బాధ వేస్తుంది, ఎందుకంటే వాళ్లు ఓడిపోలేదు, కొలత తప్పింది.

శరీర బరువు ఒకరోజుకూ మరొకరోజుకూ కిలో నుంచి రెండు కిలోల దాకా మారగలదు. ఇందులో ఎక్కువ భాగం నీరు. రాత్రి ఎండుచేపల పులుసు, ఆవకాయ తింటే ఆ ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని తనతో ఉంచుకుంటుంది. స్త్రీలలో నెలసరి ముందు నీరు చేరుతుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన కండరాలూ కొన్నాళ్లు నీరు పట్టుకుంటాయి. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. అది వారాల పని. ఈ నీటి ఆటుపోట్ల మధ్య ఆ తగ్గుదల కొన్నాళ్లు కాటాకు కనబడదు.

అందుకే బహుమతిని మీ చేతిలో ఉన్నదానికి కట్టండి. ఈ వారం ఎన్ని రోజులు నడిచారు, ఎన్ని మెట్లు ఎక్కారు, రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నారు, ఇవి మీ చేతిలో ఉన్నవి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. వారం చివర ఆ 150 పూర్తయితే తాయిలం మీది, కాటా ఏం చెప్పినా సరే. గోడ మీది తెలుగు క్యాలెండరులో నడిచిన రోజు తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. అది ఇష్టం లేకపోతే గాజు సీసాలో రోజుకొక చింతపిక్క వేయండి. అడుగున నాలుగు పిక్కలు గలగలమన్నప్పుడు ఏమీ అనిపించదు, సీసా సగం దాకా వచ్చాక దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి.

కాటా ఎక్కాలనిపిస్తే వారానికి ఒకసారి చాలు, ఒకే రోజున, ఉదయం కాలకృత్యాల తరువాత, ఏమీ తినకముందు. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. దానితోపాటు నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి. మన భారతీయుల్లో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

సమస్య: బహుమతి బాగానే ఉంది, కానీ ఆరు నెలల దూరంలో ఉంది

"పది కిలోలు తగ్గితే కొత్త ఫోను." ఈ మాట చెప్పినవాళ్లలో ఫోను కొన్నవాళ్లను నేను తక్కువగా చూశాను. తగ్గకముందే కొన్నవాళ్లు మాత్రం ఉన్నారు. దూరపు లాభం ఎంత పెద్దదైనా, తెల్లవారుజామున ఐదింటికి దుప్పటి వెచ్చదనం ముందు అది తేలిపోతుంది. మన మనసు తూకం అలాంటిది, దగ్గరిదే బరువుగా కనిపిస్తుంది.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచింది. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తరువాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు. ఆ పతకం వెనక ఏళ్ల సాధన ఉంది. కానీ వెయిట్ లిఫ్టింగ్ పోటీని ఒకసారి గమనించండి. బరువు సరిగ్గా ఎత్తిన వెంటనే న్యాయనిర్ణేతల తెల్ల దీపాలు వెలుగుతాయి. పతకం ఎప్పుడో వస్తుంది, దీపం మాత్రం ఆ క్షణానే వెలుగుతుంది. మీ నడకకూ అలాంటి తెల్ల దీపం ఒకటి కావాలి.

కాబట్టి మూడు మెట్లు పెట్టుకోండి. ఆ రోజుది ఆ రోజే: ఇంటికి రాగానే ఎర్ర సున్నా, తరువాత ఎవరూ పలకరించని పదిహేను నిమిషాలు. వారానిది చిన్నది. రెండు మూడు నెలలది పెద్దది. పెద్దదాన్ని రోజుతో ముడిపెట్టడానికి ఒక డిబ్బీ చాలు. నడిచిన ప్రతిరోజూ అందులో 20 రూపాయలు వేయండి, 60 నడకలకు 1,200 అవుతాయి. నడవని రోజు వేయకూడదు. మీకు ఇష్టమైన పాత పాటలో కథలో ఫోనులో ఉంటే, అవి నడకలోనే వినాలని నియమం పెట్టుకోండి. అప్పుడు తాయిలం నడకలోనే ఉంటుంది, దాని కోసం ఎదురుచూడనక్కర్లేదు.

సమస్య: మధ్యలో రెండు రోజులు తప్పాయి, ఇక అంతా పోయిందనిపిస్తోంది

వరసగా 30 రోజులకు బహుమతి పెట్టుకోవడమే దీనికి కారణం. తుపాను వానకో, ఇంట్లో పెళ్లికో, పిల్లవాడి జ్వరానికో ఆ వరస తెగుతుంది. నెలకు 20 రోజులు అని పెట్టుకోండి. పది రోజుల వెసులుబాటు ముందే ఉంది కాబట్టి తెగడానికి ఏమీ ఉండదు. తప్పినదానికి శిక్షగా మరుసటి రోజు రెండింతలు నడవకండి.

సమస్య: నేను వద్దన్నా ఇంట్లోవాళ్లే తాయిలం పెడుతున్నారు

మన ఇళ్లలో ప్రేమ పళ్లెంలో వడ్డిస్తారు. షుగరు ఉన్న ఒక టీచరమ్మ తన ఇంటి సంగతి చెప్పారు. నడిచి వచ్చి అరుగు మీద కూర్చోగానే వాళ్ల అప్ప సున్నుండ పట్టుకొచ్చేది. "ముఖం ఎలా పీక్కుపోయిందో చూడు, ఒక్కటి తింటే ఏమవుతుంది?" వద్దంటే అప్ప మనసు నొచ్చుకునేది, తింటే తన నడక వృథా అయ్యేది.

ఇక్కడ వద్దనడం పరిష్కారం కాదు, ఆ ప్రేమకు ఇంకో పని చెప్పాలి. టీచరమ్మ ఒకరోజు, "అప్పా, సున్నుండ పండగ రోజు తింటాను. ఇప్పుడు నా తలకు కాస్త నూనె రాయవా?" అన్నారట. గోరువెచ్చటి కొబ్బరినూనె, నడినెత్తిన అప్ప అరచెయ్యి, పది నిమిషాలు ఊరి కబుర్లు. ఇప్పుడు ఆ పది నిమిషాల కోసమే నడుస్తున్నానని ఆవిడే చెప్పారు. ఇంతకన్నా మంచి తాయిలం నాకు తోచలేదు.

సమస్య: బహుమతి లేకపోతే కాలు కదలడం లేదు

ఇది పిల్లల విషయంలో ఎక్కువ. 1973లో అమెరికాలో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలపై ఒక ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని కొందరికి ముందే చెప్పి, అలాగే ఇచ్చారు. తరువాత ఖాళీ సమయంలో వాళ్లు బొమ్మలు వేయడం తగ్గించారు. చెప్పకుండా హఠాత్తుగా బహుమతి అందుకున్న పిల్లల్లోనూ, ఏమీ అందుకోని పిల్లల్లోనూ ఆ ఇష్టం తగ్గలేదు. పరుగంటే ఇష్టమున్న పిల్లవాడికి రౌండుకు పది రూపాయలు ఇస్తే, పరుగు వాడికి కూలిపని అయిపోతుంది. ఇప్పటికే ఇష్టమైన ఆటకు ముందస్తు బేరం పెట్టకండి. ఆట అయ్యాక, "ఈరోజు నీ రెండో రౌండు మొదటిదానికంటే నిలకడగా ఉంది" అని చూసినది చూసినట్టు చెప్పండి.

పెద్దవాళ్లకు మొదట్లో తాయిలం అవసరమే. లండన్‌లో 96 మందిపై జరిపి 2009లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కొత్త పని అలవాటుగా మారడానికి పట్టిన సమయం నడిమధ్య లెక్కలో (సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ) 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. అందువల్ల మొదటి రెండు మూడు నెలలు వారం వారం ఇచ్చుకోండి. తరువాత పక్షానికి ఒకసారి, ఆపైన నెలకు ఒకసారి. నిద్ర బాగా పట్టడం, అరసవల్లి గుడికి ఆయాసం లేకుండా నడిచి వెళ్లి రావడం, ఇలాంటివి మీకే తెలియడం మొదలైతే తాయిలం దానంతట అదే వెనక్కి తగ్గుతుంది.

సమస్య: బహుమతిగా ప్రోటీన్ డబ్బా కొన్నాను, నొప్పులకు మాత్రలు వేసుకుంటున్నాను

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను, ముఖ్యంగా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్లను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అది తొలిదశలో ఏ నొప్పీ లేకుండా పెరుగుతుంది. నొప్పి మాత్రల్లో చాలా రకాలు కిడ్నీలకు హాని చేస్తాయి, చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరింత ఎక్కువగా చేస్తాయి. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిని ఉంటే అధిక ప్రోటీన్ కూడా భారమే. డబ్బా కొనే ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని వైద్యుడికి చూపించండి. కాళ్లు పీకుతుంటే ఒకరోజు విశ్రాంతి ఇవ్వండి, నీళ్లు తాగండి. ఆ విశ్రాంతి రోజును మీ 20 రోజుల లెక్కలో నష్టంగా చూడకండి.

సమస్య: నాకు నచ్చేవన్నీ తినేవే, ఇంకేమి ఇచ్చుకోవాలో తోచడం లేదు

మన జిల్లాలో ఉండి ఈ మాట అనకూడదు. చలికాలంలో వారం తాయిలంగా టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్లండి. చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి, ఊరివాళ్లు వాటిని పిల్లల్లా చూసుకుంటారు. కళింగపట్నం తీరానికి వెళ్లే దారిలో శాలిహుండం కొండ ఎక్కండి. రెండు నెలల కిందట మధ్యలో ఎన్నిసార్లు ఆగారో గుర్తుంటే, పైన బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడి వంశధారను చూస్తున్నప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

పెద్ద తాయిలానికి నా ఓటు పొందూరు ఖద్దరుకు. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రంచేసి, చేత్తో సన్నగా వడికి నేసిన బట్ట. అంత ఓపికతో తయారైనదాన్ని ఓపికగా నడిచి సంపాదించుకోవడం నాకు ఎంతో ఇష్టం. మా బ్యాంకు ఉద్యోగి డిబ్బీ డబ్బుకు కొంత కలిపి చొక్కా గుడ్డ కొన్నారు. టైలరు పాత కొలతల పుస్తకం తీసి, టేపు పొట్ట చుట్టూ రెండుసార్లు పెట్టి చూసి, పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది రాశాడు. రెండంగుళాలు తక్కువ.

మీరూ కుట్టించుకుంటే ఒక జాగ్రత్త తీసుకోండి. ఖద్దరు మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. గుడ్డను ఒక రాత్రి మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరబెట్టి, ఆ తరువాతే టైలరుకు ఇవ్వండి.