బట్టీ పట్టలేని ప్రశ్న

డిగ్రీలో పర్యావరణ విద్య అన్ని గ్రూపులవాళ్లకూ ఉంటుంది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో, పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలని 1991లో సుప్రీంకోర్టు అన్నాక కదిలిన వ్యవహారం ఇది. నెల్లూరులో నా బీకాం పిల్లలకు మాత్రం అది పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసే పేపరు. "ఆవరణ వ్యవస్థ అనగానేమి?" అంటే అందరిదీ ఒకటే జవాబు, కామాలతో సహా. ఎవరికి ఏం వచ్చిందో దేవుడికెరుక.

ఇంటర్నల్ ప్రశ్న మార్చాను. "ఇందుకూరుపేట వైపు వరి పొలం పక్కన రొయ్యల గుంట తవ్వారు. కొన్నాళ్లకు బోరు నీళ్లు ఉప్పగా మారాయి. కారణం ఏమై ఉంటుంది? తేల్చుకోడానికి ఏం చూస్తారు?" పుస్తకం చూసి రాసుకోమన్నాను, అందులో దొరికితే కదా! దిద్దేటప్పుడు చూసేవి కారణం, ఆధారం, ఇంకో కారణం ఉండొచ్చన్న ఆలోచన. ఆ సంగతి ముందే బోర్డు మీద రాశాను.

ఒకమ్మాయి ఇలా రాసింది: "గుంటలో ఉప్పునీళ్లు భూమిలోకి ఇంకుతాయి. కానీ బోర్లు ఎక్కువ తోడినా సముద్రపు నీరు లోపలికి వస్తుంది. గుంటకు దూరంగా ఉన్న బోరు నీళ్లు కూడా పరీక్ష చేయించాలి." భాష తప్పులతడక. నేను పదికి తొమ్మిది వేశాను. అవే పేపర్లు పేర్లు కప్పి ఇస్తే తెలుగు మేడం ఆరు వేశారు. కూర్చుని మాట్లాడుకున్నాం, మొదట కాస్త గట్టిగానే. భాషకు విడిగా రెండు మార్కులు పెట్టాక ఇద్దరి లెక్కా దగ్గరికొచ్చింది.

సెమిస్టరు మొదట్లో ఇదే తరహా ప్రశ్నకు రాయించి దాచిన పేపర్లను చివర్లో రాసినవాటి పక్కన పెట్టి పోల్చి చూస్తాను. కారణాలు బాగానే చెబుతున్నారు. ఆధారం దగ్గరే ఇంకా తడబాటు. వచ్చే సెమిస్టరు క్లాసులు ఎక్కువ దాని మీదే.