పెద్ద ఫండ్‌లో సొమ్ము పెట్టే ముందు దాని ప్రైమ్ బ్రోకరేజీని పరిశీలించే విధానం

రొయ్యల ఎగుమతిలో మిగిలిన లాభాన్నో, మధురవాడలో స్థలం అమ్మగా వచ్చిన సొమ్మునో మూడో కేటగిరీ ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధిలో (పెద్ద పెట్టుబడిదారుల సొమ్ము కూడగట్టి, అప్పు కూడా వాడి షేర్ల వంటి వాటిలో వ్యాపారం చేసే ఫండ్‌లో) పెట్టదలచిన విశాఖవాసులు రాబడుల పట్టిక కన్నా ముందు, ఆ ఫండ్ షేర్లు ఎవరి దగ్గర ఉంటాయో, దానికి అప్పు ఎవరిస్తారో తెలుసుకోవాలి. వీటిలో కనీస పెట్టుబడి సాధారణంగా కోటి రూపాయలు కాబట్టి ఈ శ్రమ తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఏ షేరు కొనాలో మేనేజరు నిర్ణయిస్తారు. ఆర్డరును అమలు చేయడం, సెటిల్‌మెంట్ (షేర్లు, డబ్బు చేతులు మారడం) జరిపించడం, అప్పు సమకూర్చడం, షార్ట్ చేయడానికి (ధర పడుతుందని ముందే అమ్మి, తరువాత కొని తిరిగి ఇవ్వడానికి) షేర్లు అరువు తెచ్చిపెట్టడం వంటి పనులను కలిపి అందించే సేవే ప్రైమ్ బ్రోకరేజీ. న్యూయార్క్, లండన్‌లలో ఒకే బ్యాంకు వీటన్నింటినీ చూడవచ్చు. మన దగ్గర ఈ బాధ్యతలను ప్రధానంగా బ్రోకరు, క్లియరింగ్ మెంబరు (లావాదేవీల చెల్లింపులు పూర్తి చేసే సంస్థ), కస్టోడియన్ (షేర్లను భద్రపరిచే సంస్థ) పంచుకుంటారు.

ముందుగా ప్లేస్‌మెంట్ మెమొరాండం (ఫండ్ వివరాలు, షరతులు తెలిపే పత్రం) అడిగి తీసుకుని, కస్టోడియన్ పేరు చూడండి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం ఇలాంటి ఫండ్ కస్టోడియన్‌ను నియమించుకుని తీరాలి. 2008లో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు, దాని లండన్ అనుబంధ సంస్థకు ఆస్తులు అప్పగించిన హెడ్జ్ ఫండ్‌లు (విదేశాల్లోని ఇలాంటి నిధులు) వాటిని వెనక్కి రాబట్టుకోవడానికి ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. మన దేశంలో 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్‌గా (లావాదేవీకి హామీగా) ఇచ్చే షేర్లు బ్రోకరు ఖాతాకు బదిలీ కాకుండా, క్లయింటు డీమ్యాట్ ఖాతాలోనే ఉండి తాకట్టుగా నమోదవుతున్నాయి. ఇది చాలా మంచి రక్షణ.

తరువాత అప్పు సంగతి. ఫండ్ ఎక్స్‌పోజర్ (మార్కెట్లో దాని మొత్తం పెట్టుబడుల విలువ) దాని నికర ఆస్తి విలువకు (అప్పులు పోగా మిగిలే సొంత ఆస్తికి) రెండు రెట్లు మించకూడదు. నూరు కోట్ల ఫండ్ 200 కోట్ల మేరకు షేర్లు కొని ఉంటే, మార్కెట్‌తో పాటు అవి పది శాతం పడిన రోజున ఇరవై కోట్లు, అంటే మీ సొమ్ములో ఐదో వంతు కరిగిపోతుంది. అందుకే ఎంత వరకు అప్పు వాడతారో, మార్జిన్ కాల్ (అదనపు హామీ కట్టమనే కబురు) వస్తే నగదు ఎక్కడి నుంచి తెస్తారో మేనేజరును అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బ్రోకర్లు ఎందరున్నారో కూడా అడగాలి. 2021 మార్చిలో ఆర్కెగోస్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ కుప్పకూలినప్పుడు, ఆ సంస్థ మొత్తం పందెం ఎంతో దానికి అప్పిచ్చిన బ్యాంకుల్లో ఏ ఒక్కదానికీ పూర్తిగా తెలియదు. క్రెడిట్ స్వీస్ ఒక్కటే సుమారు 550 కోట్ల డాలర్లు నష్టపోయింది. ఎక్కువమంది బ్రోకర్లుండటం తప్పు కాదు గాని, అందరి దగ్గరి పొజిషన్లను (ఫండ్ కొని, షార్ట్ చేసి ఉంచిన వాటిని) రోజూ ఒకచోట కూడి లెక్క చూసే బాధ్యత ఎవరిదో ఫండ్ స్పష్టంగా చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఒప్పందంపై సంతకం చేయకండి.