దూరపు సైకిల్ ప్రయాణంలో ఆకలి వేయకముందే తినండి

నెల్లూరు నుంచి ఒంగోలుకు జాతీయ రహదారి మీద సుమారు 120 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలనుకునేవారు సాధారణంగా చేసే పొరపాటు, ఆకలి వేసేదాకా ఆగడం. కండరాలలోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే గ్లైకోజెన్ (శరీరం ఇంధనంగా దాచుకునే చక్కెర) కొన్ని గంటల శ్రమకే తరిగిపోతుంది కనుక, ఆకలి తెలిసేసరికే కాళ్లు బరువెక్కి, కావలి దాటి ఉలవపాడు చేరేలోపే సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవలసి వస్తుంది.

ఇలాంటి ప్రయాణంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరం. ఒక మోస్తరు అరటిపండులో దాదాపు 25 గ్రాములు ఉంటుంది కాబట్టి, గంటకు ఒక పండు, దానితోపాటు చిన్న బెల్లం ముక్కో రెండు మూడు ఖర్జూరాలో చాలు. అయితే అన్నీ ఒకేసారి మింగకుండా 20 నిమిషాలకోసారి కొంచెం కొంచెంగా తినాలి. వేరుశనగ ఉండలు రుచిగానే ఉంటాయి గానీ, వాటిలోని కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది కనుక టీ కోసం ఆగినప్పుడు తినడం మేలు. ఉలవపాడు సపోటాలు ఎంత ఊరించినా, పీచు ఎక్కువ కాబట్టి ఒకదానితో ఆపండి.

మన ఎండలో చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్లు ఆ లోటు తీర్చవు. లీటరు నీటిలో పావు టీచెంచా ఉప్పు, ఆరు టీచెంచాల పంచదార, ఒక నిమ్మకాయ రసం కలిపి సీసాలో పోసుకోండి. బయలుదేరడానికి రెండు గంటల ముందు ఇడ్లీ తినవచ్చు. రాత్రి మిగిలిన చేపల పులుసును మాత్రం, అది మరుసటి రోజుకే రుచి అని తెలిసినా, తిరిగి వచ్చాకే ముట్టుకోండి.