వేట విరామంలో భుజం ఆపరేషన్: ఆ 61 రోజులు సరిపోవు

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చే జాలరి కుర్రాళ్లలో ఒకరిద్దరైనా ఇదే అడుగుతారు. "మేడమ్, పదిహేను నుంచి వేట ఉండదు కదా. ఇప్పుడు భుజం ఆపరేషన్ చేయించేసుకుంటే జూన్ పదిహేనుకి బోటెక్కేయొచ్చా?"

ఎక్కకూడదు. వాళ్లు అడిగేది పదేపదే జారిపోయే భుజానికి చేసే ఆపరేషన్ గురించి. ఎందుకు ఎక్కకూడదో వివరంగా చెప్తాను. ఇంట్లో చదవడం వచ్చినవాళ్లు మిగతావాళ్లకి చదివి వినిపించండి.

మన తూర్పు తీరంలో మర పడవలకు, మోటారు బోట్లకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు. లెక్కేస్తే తొమ్మిది వారాలు కూడా నిండవు. పైగా ఏప్రిల్ 15నే ఎవరికీ ఆపరేషన్ జరగదు. ఎమ్మారై, సీటీ స్కాన్, రక్త పరీక్షలు, మత్తు డాక్టరు చూసి సరే అనడం, ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవాళ్లకి అనుమతి రావడం, వీటికే పది పదిహేను రోజులు పోతాయి. బోట్లు రేవు దాటే రోజుకి మీ కుట్ల వయసు ఏడు వారాలు. కుట్టిన చోట అతుకు పడటానికే సుమారు ఆరు వారాలు కావాలి. ఎముక ముక్క అతికించి ఉంటే అది కలిసిపోవడానికి మూడు నెలలు. వల లాగే బరువు ఆ భుజం మీద పడాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి.

రెండేళ్ల కిందట బోటు మీద పనిచేసే ఒక కళాసీ ఏడో వారంలో నొప్పి లేదని వేటకి వెళ్లిపోయాడు. వల పైకి లాగుతుంటే భుజం ముందు భాగంలో టప్ మంది. ఒడ్డుకొచ్చాక అరచేతిని కడుపు మీద గట్టిగా నొక్కమంటే నొక్కలేకపోయాడు. కుట్టిన టెండన్ ఊడిపోయింది. మళ్లీ ఆపరేషన్, ఆ ఏడాది వేటంతా పోయింది. నొప్పి తగ్గడం వేరు, అతుకు గట్టిపడటం వేరు. ఆ మాట అతనికి నేను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

టెండన్ అంటే కండరం చివర ఎముకని పట్టుకుని ఉండే తాడు లాంటి భాగం. భుజంలో బంతి పెద్దది, అది ఆనే గిన్నె చిన్నది, లోతు కూడా తక్కువ. ఏ క్షణంలో చూసినా బంతిలో మూడో వంతుకు మించి గిన్నెకి ఆనదు. అందుకే చెయ్యి ఎటంటే అటు తిరుగుతుంది, అందుకే జారుతుంది కూడా. బంతిని గిన్నెలో నిలబెట్టేవి గిన్నె అంచు చుట్టూ ఉండే లాబ్రమ్ అనే మెత్తని కట్ట, దాన్ని అంటుకుని ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లు అనే పట్టీలు, బంతిని చుట్టి పట్టుకున్న నాలుగు టెండన్లు. పైన సుప్రాస్పైనేటస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్, దాని కింద టెరీస్ మైనర్, ముందు సబ్‌స్కాప్యులారిస్.

ఈ ముందున్నదాని పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి. నాలుగింటిలో పెద్దది ఇదే. నూటికి తొంభైకి పైగా భుజాలు ముందుకే జారుతాయి, ఆ దారికి అడ్డంగా ఉండేది ఇదే. చేతిని లోపలికి తిప్పేది, వలని ఒంటివైపు లాక్కునేటప్పుడు బిగుసుకునేది కూడా ఇదే.

కాబట్టి ఆపరేషన్‌కి ముందు సర్జన్‌ని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: "డాక్టరు గారూ, నా భుజంలో ఏ టెండన్‌ని కదుపుతున్నారు? కోస్తున్నారా, చీలుస్తున్నారా?" జవాబు కాగితం మీద రాయించుకోండి. తర్వాత మీరు ఏ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినా ముందు కావాల్సింది ఆ కాగితమే. ఆపరేషన్‌ని బట్టి జాగ్రత్తలు మారిపోతాయి, పక్కింటి అన్నకి చెప్పినవి మీకు పనికిరావు.

బాంకార్ట్ రిపేర్‌లో చిరిగిన లాబ్రమ్‌ని తిరిగి గిన్నె అంచుకి కుడతారు. లండన్ సర్జన్ బాంకార్ట్ ఈ చిరుగు గురించి 1923లో రాశారు. చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్ పద్ధతిలో అయితే సబ్‌స్కాప్యులారిస్‌ని కోయాల్సిన పని ఉండదు. తెరిచి చేస్తే చాలాసార్లు దాన్ని కోసి తిరిగి కుడతారు. కోసి కుట్టి ఉంటే ఆరు వారాలు ఆ చేత్తో దేన్నీ ఒంటివైపు లాగకూడదు, మంచం మీద చెయ్యి ఊని లేవకూడదు, బిగుసుకున్న తలుపు లాగకూడదు. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, ముంజేతిని సర్జన్ చెప్పిన కోణం దాటి బయటికి తిప్పకూడదు.

పదేపదే జారి గిన్నె ముందు అంచు అరిగిపోయినవాళ్లకి, ముఖ్యంగా ఆ అరుగుదల 20 నుంచి 25 శాతం దాకా వెళ్లినవాళ్లకి, లాటర్జే ఆపరేషన్ చేస్తారు. వేటకెళ్లేవాళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. ఫ్రాన్స్ సర్జన్ మిషెల్ లాటర్జే 1954లో దీన్ని వివరించారు. భుజం ముందు గాలం ముల్లులా వంకర తిరిగిన చిన్న ఎముక ఉంటుంది, పేరు కొరకాయిడ్. దాని కొసకి రెండు కండరాల ఉమ్మడి టెండన్ అంటుకుని ఉంటుంది, అందులో ఒకటి మోచేతిని మడిచే బైసెప్స్ కండరం పొట్టి పాయ. ఆ ఎముక ముక్కని టెండన్‌తో సహా కోసి, సబ్‌స్కాప్యులారిస్‌ని కోయకుండా దాని నారల వెంటే అడ్డంగా చీల్చి, ఆ సందులోంచి లోపలికి పంపి, గిన్నె ముందు అంచున స్క్రూలతో బిగిస్తారు. గిన్నె వెడల్పవుతుంది. అంతకంటే నాకు అద్భుతంగా అనిపించేది ఇంకోటి ఉంది. చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పినప్పుడు ఆ ఉమ్మడి టెండన్ బెల్టులా బిగుసుకుని, సబ్‌స్కాప్యులారిస్ కింది భాగాన్ని నొక్కిపెట్టి, బంతిని ముందుకి జారనివ్వదు.

ఇప్పుడు ఆలోచించండి. బైసెప్స్ లాగితే ఆ లాగుడు నేరుగా కొత్తగా అతికించిన ఎముక మీద పడుతుంది. అందుకే లాటర్జే అయినవాళ్లు మోచెయ్యి మడిచి ఏ బరువూ ఎత్తకూడదు. బకెట్, గ్యాస్ బండ, ఐస్ పెట్టె సరే, చంటిపిల్లని ఎత్తుకోవడం కూడా తప్పే. తండ్రులకి చాలా కష్టమైన నియమం ఇది, నాకు తెలుసు. కూర్చుని ఒళ్లో పడుకోబెట్టించుకోండి.

రెంప్లిసాజ్‌ అనే ఆపరేషన్ని పైవాటిలో బాంకార్ట్‌తో కలిపి చేస్తారు. జారినప్పుడు బంతి వెనక పడిన సొట్టలోకి ఇన్‌ఫ్రాస్పైనేటస్‌ని కుట్టి నింపుతారు. వీళ్లు చేతిని వీపు వెనక్కి పెట్టకూడదు, అవతలి భుజం మీదికి లాగి సాగదీయకూడదు. లుంగీ వెనక దోపుకోవడం, వీపు రుద్దుకోవడం కొన్నాళ్లు వేరే చేతి పని.

ఆపరేషన్‌కి ముందు చక్కబెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చుట్ట, బీడీ, ఖైనీ మానండి. నికోటిన్ వల్ల ఎముక అతుకు ఆలస్యమవుతుంది. అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అమ్మలకీ ఇదే చెప్తాను. షుగరు అదుపులో లేకపోతే కుట్లు మానవు, భుజం బిగుసుకుపోతుంది. ఫిట్స్ ఉన్నవాళ్లు ఆ సంగతి దాచొద్దు, ఒక్క ఫిట్ చాలు అతికించినదంతా ఊడటానికి. నలభై దాటాక మొదటిసారి భుజం జారితే టెండన్లే తెగి ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి ఎక్స్‌రేతో సరిపెట్టుకోకుండా ఎమ్మారై గురించి అడగండి. ఇంకో మాట, బోటు ఓనరు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే ఆపరేషన్‌కి ముందే వెళ్లి మాట్లాడుకోండి. జూన్ నెలలో చాలామందిని సముద్రంలోకి తోసేది ఆ అప్పే. బోటు నడిపే సరంగుకి కూడా చెప్పి ఉంచండి.

మే నెల విశాఖ ఉక్కపోతలో చంకలో చెమట ఆగదు. చేతిని మెడకి వేలాడదీసే పట్టీ, అంటే స్లింగ్ కింద చర్మం ఒరిసి పుండు పడుతుంది, ఫంగస్ పడుతుంది. స్లింగ్ తీయడానికి సర్జన్ ఒప్పుకున్న సమయంలో నడుము ముందుకి వంచి చేతిని వేలాడేసి, చంక తుడిచి ఆరనిచ్చి, పలచని నూలు గుడ్డ పెట్టండి. వేళ్లు, మణికట్టు మొదటి రోజు నుంచే ఆడించండి. ఆపరేషన్ గాయం పూర్తిగా మానేదాకా సముద్ర స్నానం వద్దు, ఉప్పునీటిలో ప్రమాదకరమైన సూక్ష్మజీవులుంటాయి. మానాక కూడా కెరటాలకి ఎదురు వెళ్లకండి. సిటీ బస్సులో ఆ చేత్తో పైన కడ్డీ పట్టుకోవద్దు. చెయ్యి పైకి, వెనక్కి ఉన్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే భుజం జారేది సరిగ్గా ఆ భంగిమలోనే.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు: జ్వరంతో పాటు కుట్ల దగ్గర చీము, భుజం బయటి పక్క గుండ్రంగా తిమ్మిరి, మోచెయ్యి మడవలేకపోవడం, ముంజేతి బయటి అంచు మొద్దుబారడం. ఆఖరి రెండూ ఉమ్మడి టెండన్ పక్కన వెళ్లే నరానికి దెబ్బ తగిలిందని చెప్పే గుర్తులు.

మూడు నెలలకి స్కాన్ చూసి సర్జన్ సరే అంటే రేవులోనే పని మొదలుపెట్టండి. చేప వేరు చేయడం, వల కుట్టడం లాంటివి. బోటెక్కినా మొదట తాడు పట్టొద్దు, ఒడ్డు నుంచి లాగే అలివి వల లాగుడుకి అసలే వెళ్లొద్దు.

సముద్రం మీద ఎవరిదైనా భుజం జారితే పక్కవాళ్లు చెయ్యి పట్టి లాగొద్దు, నూనె రాసి నొక్కొద్దు. ఎముక విరగొచ్చు, నరం తెగొచ్చు. అతనికి నొప్పి తక్కువగా ఉన్న భంగిమలోనే చేతిని ఉంచి, తువ్వాలుతో ఒంటికి కట్టి, వేళ్లు వెచ్చగా ఉన్నాయా, కదులుతున్నాయా చూస్తూ ఒడ్డుకి తీసుకురండి. ఏ గంటకి జారిందో గుర్తుపెట్టుకుని విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీలో చెప్పండి.