పాత కారు గేర్‌బాక్స్ స్విచ్ కొనే ముందు

ఎంజీబీ (బ్రిటన్ స్పోర్ట్స్ కారు) లాంటి పాత కారులో రివర్స్ లైటు వెలగకపోయినా, ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్లేటప్పుడు ఇంజిన్ తిరుగుడు తగ్గించే అదనపు గేరు ఏర్పాటు) పడకపోయినా టెన్షన్ పడి గేర్‌బాక్స్ విప్పించకండి. ముందు దానికి బిగించి ఉండే చిన్న స్విచ్ చూడండి.

కారు ఏ సంవత్సరానిదో చెప్పి కొత్తది కొంటే సరిపోదు. 1967 చివర్లో ఎంజీబీకి కొత్త రకం గేర్‌బాక్స్ వచ్చింది. మీ బండికి మధ్యలో ఎవరు ఏది మార్చారో! అందుకే పాత స్విచ్ చేతిలో పెట్టుకునే కొనండి. స్విచ్ మీది మర (బిగించే చుట్లు), దాని కొసన నొక్కుకునే పిన్ను పొడవు కొలవండి. పిన్ను నొక్కితే కరెంటు కలుస్తుందా, తెగుతుందా మల్టీమీటర్‌తో (కరెంటు పరీక్షించే మీటర్) చూడండి. అసలు పరీక్ష ఇదే.

విప్పేటప్పుడు స్విచ్ కింద ఫైబర్ వాషర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. ఎక్కువైతే పిన్ను అందదు, తక్కువైతే లోపల నలిగి కొత్త స్విచ్ కూడా పోతుంది. గేరు వేసి, మీటర్ బీప్ మన్నాకే వైర్లు తగిలించండి.