కాటరీ ఆన్ చేసే ముందు ప్లేటు చూడండి

ఎండాకాలం వచ్చిందంటే ఆపరేషన్ థియేటర్‌లో నా కళ్లు ముందు కాటరీ ప్లేటు మీదికే పోతాయి. కాటరీ అంటే కరెంటుతో కండ కోసి, రక్తం ఆపే మెషిన్. ఆ కరెంటు బయటికి పోవడానికి పేషెంట్ చర్మానికి అంటించేదే ప్లేటు. మే నెలలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వార్డు నుంచి స్ట్రెచర్ మీద వచ్చే పేషెంట్ తొడలు, వీపు చెమటతో తడిసి ఉంటాయి. ఆ తడి మీదే ప్లేటు అంటిస్తే అది పట్టదు.

కాటరీ కరెంటు పెన్సిల్ (సర్జన్ చేత్తో పట్టుకునే పరికరం) కొన దగ్గర గోరంత చోట గుమిగూడుతుంది, అందుకే అక్కడ కండ కాలుతుంది. ఒంట్లోంచి ప్లేటు దాకా వచ్చేసరికి అదే కరెంటు వెడల్పుగా పరుచుకుని బయటికి పోతుంది, చర్మానికి ఏమీ కాదు. ప్లేటు సగం ఊడితే మాత్రం మిగిలిన కొంచెం చోటే కరెంటంతా మోయాలి. అక్కడ చర్మం కాలుతుంది. మత్తులో ఉన్న మనిషి ‘మండుతుంది’ అని చెప్పలేడు కదా.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి సర్జన్ గారు "కాటరీ సరిగా పనిచేస్తలేదు, పెంచు" అన్నారు. పెంచాను. మళ్లీ పెంచమన్నారు. నా చేయి మెషిన్ మీదికి పోతుంటే సిస్టర్ ఆపి, డ్రేప్ (పేషెంట్ మీద కప్పే బట్ట) ఎత్తి చూశారు. కాళ్లు పైకి కట్టినప్పుడు ప్లేటు ఒక పక్క లేచిపోయింది. కింద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మామూలు సెట్టింగ్‌లో పనిచేయకపోతే పవర్ పెంచకండి, ముందు ప్లేటు, వైరు చూడండి. పేషెంట్‌ను పక్కకు తిప్పిన ప్రతిసారీ మళ్లీ చూడండి.

ప్లేటు కండ ఉన్న చోట, ఆపరేషన్ చేసే చోటికి దగ్గరగా వేయాలి. తొడ మంచిది. ఎముక ఉబ్బెత్తు, పాత కుట్ల మచ్చ, లోపల రాడ్డు ఉన్న చోటు వద్దు. వెంట్రుకలు తీసి, చర్మం పొడిగా తుడవాలి. ఒకసారి వాడి పారేసే ప్లేటును మళ్లీ అంటించకండి, కత్తిరించి చిన్నది చేయకండి.

మన దగ్గర పెద్ద తంటా నగలతోనే. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ "మా ఆయన ఉండంగ మట్టెలు ఎట్ల తీస్తా బిడ్డా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. గద్దించకండి. ముందు రోజే ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెబితే చాలామంది ఒప్పుకుంటారు. పుస్తెలతాడు, మొలతాడుకున్న వెండి బిళ్ల, ముక్కుపుడక అన్నీ అడగండి. అసలు రాకపోతే సర్జన్‌కు, మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి. ఆ నగ పెన్సిల్‌కూ ప్లేటుకూ మధ్య దారిలో పడకుండా ప్లేటు వేయండి. నగకు టేప్ చుడితే ఊడిపోకుండా ఉంటుందంతే, కాలకుండా ఆపదు. చేతులు, కాళ్లు టేబుల్ ఇనుముకు ఆనకుండా చూడండి.

స్పిరిట్ కలిసిన మందు పూస్తే కనీసం మూడు నిమిషాలు ఆరనివ్వండి. అది నడుం కిందికి కారి బట్టలో ఇంకితే ఆ బట్ట మార్చాలి. నిప్పు అంటుకుంటే డ్రేప్ కింద మంట కనబడదు. ముఖం, గొంతు దగ్గర ఆపరేషన్ అయితే ఆక్సిజన్ సంగతి మత్తు డాక్టర్‌తో మాట్లాడాకే కాటరీ మొదలుపెట్టాలి.

వాడని క్షణంలో పెన్సిల్ దాని గూటిలోనే ఉండాలి, పేషెంట్ పొట్ట మీద కాదు. పొరపాటున పెడల్ మీద కాలు పడితే చాలు. పేస్‌మేకర్ ఉందా అని అడగడం మరవకండి. లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) పరికరాలకు కరెంటు బయటికి రాకుండా ఉండే పైపొరను ప్రతిసారీ వెలుతురులో పట్టి చూడండి. సన్నని పగులు ఉన్నా కెమెరాకు అందని చోట పేగు కాలొచ్చు.

చివర్లో ప్లేటును ఒక చేత్తో చర్మం పట్టుకుని మెల్లగా తీయండి. కింద చర్మం చూసి, ఎలా ఉందో కేస్ షీట్‌లో రాయండి. ఎర్రగా ఉంటే వార్డు సిస్టర్‌కు చూపించి మరీ అప్పగించండి.