ఉక్కు కట్టినా పాత గోడ కదులుతోందా? సమస్య - పరిష్కారం

భూకంపానికి తట్టుకోవాలని పాత ఇటుక భవనానికి ఉక్కు ఫ్రేమ్ కట్టాక కూడా పగుళ్లు ఆగట్లేదని పిలిచిన ప్రతిచోటా నాకు ముందు చూపించేది స్టీల్ సైజులే. తప్పు అక్కడ ఉండటం అరుదు. ముందు గోడకీ అంతస్తుకీ కట్టు ఉందో లేదో చూడండి. దూలాలు గోడ గూళ్లలో ఊరికే కూర్చుని ఉంటే, పక్కన ఎంత ఫ్రేమ్ నిలబెట్టినా గోడ తన దారిన తాను వీధిలోకి ఒరుగుతుంది. 2011 భూకంపంలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో పాత ఇటుక ముఖభాగాలు, పిట్టగోడలు అలాగే జనం మీద కూలాయి.

చిన్న ప్రకంపనకే గోడల్లో ఏటవాలు పగుళ్లు, ఫ్రేమ్ మాత్రం భద్రం

ఫ్రేమ్‌కి బలం ఉంది, బిగువు లేదు. 4 మీటర్ల అంతస్తు 16 మిల్లీమీటర్లు పక్కకి జరిగినా ఉక్కు తట్టుకుంటుంది. ఇటుక అంతకు చాలా ముందే పగులుతుంది. ఏటవాలు బ్రేసింగ్ (ఫ్రేమ్‌లో మూలనుంచి మూలకి ఉక్కు కడ్డీలు) పెట్టించండి. అప్పుడు ప్రకంపన వస్తే ఒకవైపు స్తంభం అడుగు పైకి లేవబోతుంది కాబట్టి పునాది లెక్క కూడా మళ్లీ చూడాలి.

యాంకర్లన్నీ టెస్టులో పాస్, అయినా ముఖభాగం ఉబ్బుతోంది

నన్ను ముంచింది ఇదే. యాంకరంటే గోడలో రంధ్రం వేసి ఎపాక్సీ జిగురుతో అతికించే ఉక్కు రాడ్, గోడని పట్టి ఉంచేది అదే. టెస్టంటే ఆ రాడ్‌ని జాక్‌తో లాగి చూడటం. డ్రాయింగులో 600 మిల్లీమీటర్ల గట్టి గోడ. రిపోర్టు చూసి సంతకం పెట్టాను. కొన్ని నెలలకి కిటికీ పక్కన, గోడ మందం కనిపించేచోట, నిలువుగా సన్నటి చీలిక. రూపాయి బిళ్ల దూరింది. విప్పి చూస్తే అది ఒక గోడ కాదు, రెండు పొరలు. మధ్యలో రాళ్లముక్కలు, పొడి సున్నం. మా 200 మిల్లీమీటర్ల రాడ్లు పట్టుకున్నది లోపలి పొరనే, వీధివైపు పొర ఒంటరిగా నిలబడి ఉంది.

మరి టెస్టెలా పాసైంది? జాక్ కాళ్లు రాడ్ పక్కనే ఆనించారు. రాడ్ లాగుతున్న ఇటుకల్నే జాక్ వెనక్కి నొక్కుతోంటే ఊడి ఎలా వస్తుంది?

అందుకే డ్రిల్లు వేసేటప్పుడు పక్కన నిలబడండి. ఎర్రపొడి, తర్వాత తెల్లపొడి, ఆపైన డ్రిల్లు ఒక్కసారిగా లోపలికి జారుతుంది. "లోపల మెత్తగా ఉంది సార్, తొందరగా అయిపోతుంది" అని కుర్రాడు సంబరపడితే పని అక్కడే ఆపండి, గోడ మధ్యలో గుల్ల ఉన్నట్టే. ఎపాక్సీ లెక్కకు మించి తాగే రంధ్రం కూడా అదే చెబుతోంది.

పొరల్ని స్టెయిన్‌లెస్ టైలతో (రెంటినీ కలిపి పట్టే కడ్డీలతో) కుట్టి, మధ్య ఖాళీని సున్నపు గ్రౌట్‌తో (పల్చటి సున్నపు ముద్దతో) కిందినుంచి పైకి, తక్కువ ఒత్తిడితో నింపండి. ఒత్తిడి పెంచితే బయటి పొరను మీరే తోసేస్తారు. బయట ప్లేట్లు కనిపించినా పర్లేదంటే రాడ్‌ని గోడ ఈవైపునుంచి ఆవైపుకి దించి బిగించడం ఇంకా మేలు. మళ్లీ టెస్టు చేసేటప్పుడు జాక్ కాళ్లు, రాడ్ ఎంత లోతు దిగిందో కనీసం అంత దూరంలో ఉండాలి.

యాంకర్ చుట్టూ రాయి పెచ్చులు

తుప్పు. ఉబ్బి రాయిని చీలుస్తుంది. స్టెయిన్‌లెస్‌కి మార్చి, నీళ్లు దిగే దారి మూయండి.

వెల్డు పగిలిందేమో, ఉక్కు గ్రేడు తేడానేమో అనే అనుమానాలు పైవన్నీ చూశాకే.